సరిపోయిందా, కామ్రేడ్?

"కామ్రేడ్, మీ టీ చల్లారిపోతోంది."

వదిన ఆ మాట అన్నది బయటివాళ్ళతో కాదు, కట్టుకున్న మొగుడితో. గ్లాసు తెచ్చి కిటికీ గూట్లో పెట్టి, ఆయన మొహం వంక చూడకుండా అనేసి, వంటింట్లోకి వెళ్ళిపోయింది.

అన్నయ్య గ్లాసు ముట్టుకోలేదు. నేల మీద పాత పేపరు పరుచుకుని, బాగానే తిరుగుతున్న టేబుల్ ఫ్యానుని విప్పి ముందేసుకున్నాడు. బస్సు డిపోలో మెకానిక్కు కదా, మనసు బాగోకపోతే ఏదో ఒకటి విప్పాలి ఆయనకి. పోయినసారి కోపమొచ్చినప్పుడు గోడ గడియారం విప్పాడు. అది ఇప్పటికీ తనకి తోచిన టైమే చూపిస్తోంది.

మొన్న కమిటీ మీటింగు నుంచి వచ్చిన దగ్గర్నుంచీ ఇంట్లో ఇదే వరస. "కామ్రేడ్, నీళ్ళు కాగాయి." "కామ్రేడ్, తువ్వాలు తలుపు వెనకాల ఉంది." తిట్టినా బాగుండేది. తిట్లకి మా ఇంట్లో ఎప్పుడూ కరువు లేదు. ఒకళ్ళకొకళ్ళం అప్పజెప్పుకుని, ఆ తర్వాత కలిసి భోంచేసేవాళ్ళం. ఇంత మర్యాదగా పిలుస్తుంటే ఏ మనిషి మాత్రం ఏం చేస్తాడు?

"ఎంతకాలమే ఈ కామ్రేడ్ గోల?" అన్నాడు అన్నయ్య నాతో, వంటింటికి వినబడేట్టుగా.

"నన్నడుగుతావేం? నేను సానుభూతిపరురాల్ని. మెంబర్ల గొడవలు మెంబర్లే చూసుకోవాలి."

సానుభూతిపరురాలంటే పెద్ద హోదా అనుకునేరు. మీటింగులకి జెండాలు కుట్టిపెట్టి, వెనక బెంచీ మీద కూర్చుని చప్పట్లు కొట్టేదాన్ని, అంతే. ఇంట్లో నన్ను 'సూది' అంటారు. మిషను కుడతానని వచ్చిన పేరనుకుంటారు చాలామంది. అసలు కారణం నా నోరు.

"తీర్మానంలో నా పేరు కూడా రాయలేదు కదా సూదీ," అంది వదిన లోపల్నుంచి. "'సదరు కామ్రేడ్' అని రాశారు. సదరు కామ్రేడ్ టీ పెట్టింది. ప్రతిపాదించిన కామ్రేడ్ తాగాలి మరి."

అన్నయ్య స్క్రూడ్రైవరు కింద పెట్టేశాడు.

కథల్లో ఆడపడుచంటే మొగుడూపెళ్ళాల మధ్య అగ్గిపుల్ల గీసే మనిషి. మా ఇంట్లో ఆ పని పార్టీయే చేసిపెట్టింది, నాకు మిగల్చలేదు.

ఈ పార్టీలో ఒక కట్టుబాటు ఉంది. ఎవరి మీదైనా విమర్శ తీర్మానం పెట్టాలంటే బయటివాళ్ళు పెట్టకూడదు, అయినవాళ్ళే పెట్టాలి. తమ్ముడి మీద అన్న, స్నేహితుడి మీద స్నేహితుడు. కక్షతో అన్నారన్న మాట రాకూడదని మొదటి తరంవాళ్ళు పెట్టుకున్న పద్ధతి. వినడానికి గొప్పగానే ఉంటుంది. మొన్న ఆ గొప్పతనాన్ని పార్టీ కార్యదర్శి తీసుకొచ్చి మా అన్నయ్య చేతుల్లో పెట్టాడు. కార్యదర్శిని మేమంతా పెద్దాయన అంటాం. వదిన మాత్రం చిన్నప్పట్నుంచీ బాబాయ్ అనే పిలుస్తుంది.

అన్నయ్య లేచి వదిన మీద తీర్మానం పెట్టాడు. అందరూ చేతులెత్తారు. అక్కడ వదిన కూడా కూర్చుని ఉంది.

"ఒక్కసారి అనుకుందామా?" అన్నాడు అన్నయ్య, గొంతు సవరించుకుని. "మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇంక టైముండదు."

అనుకోవడమంటే ఒప్పజెప్పుకోవడం. సాయంత్రం సర్వసభ్య సమావేశంలో వదిన ఆత్మవిమర్శ చేసుకోవాలి. కాగితం చూసి చదవకూడదు, గుండెల్లోంచి రావాలి. అది కూడా కట్టుబాటే. గుండెల్లోంచి ఏం రావాలో పెద్దాయన ముందే అన్నయ్యకి చెప్పి పంపించాడు.

వదిన వచ్చి గుమ్మంలో నిలబడింది. చేతులు కట్టుకుంది, బళ్ళో పిల్లలాగా.

"చెప్పండి కామ్రేడ్."

"'ఆసుపత్రి తరలింపు విషయంలో పార్టీ నిర్ణయం సరైనదే.'"

"ఆసుపత్రి తరలింపు విషయంలో పార్టీ నిర్ణయం సరైనదే."

"'దాన్ని ప్రజలకి అర్థమయ్యేలా చెప్పడంలో నేను విఫలమయ్యాను.'"

"దాన్ని ప్రజలకి అర్థమయ్యేలా చెప్పడంలో నేను విఫలమయ్యాను."

నేను మిషను తొక్కడం ఆపేశాను. ఇద్దరి గొంతుల్లోనూ ప్రాణం లేదు. పిండి మిల్లు దగ్గర వరసలో నిలబడ్డవాళ్ళు మాట్లాడుకున్నట్టుంది.

"'రైలు గేటు దగ్గర భావోద్వేగానికి లోనై...'"

వదిన ఊరుకుంది.

"భావోద్వేగానికి లోనై," అన్నాడు అన్నయ్య మళ్ళీ, మెల్లగా.

"భావోద్వేగం అంటే ఏమిటి కామ్రేడ్?"

"నీకు తెలీదా?"

"నాకు తెలుసు. మీకు తెలుసో లేదో అని."

"అబ్బా, ఆ మాట నేను రాయలేదు."

"రాయలేదు. మోసుకొచ్చారు." వదిన కట్టుకున్న చేతులు విప్పింది. "నా చేతుల్లో అప్పుడే పుట్టిన పిల్ల ఉంది. ఏడవలేదు. తట్టాను. నోట్లో ఊదాను. తలకిందులుగా పట్టుకుని మళ్ళీ తట్టాను. గేటు పడి ఉంది, అవతల పెద్దాసుపత్రి దీపాలు కనబడుతూనే ఉన్నాయి. ఆటోలో పురుడైన పిల్ల, మన వాడలో రొట్టెలమ్మే రొట్టెలావిడ కూతురు, పడుకుని నా మొహంలోకే చూస్తోంది. అప్పుడు రొట్టెలావిడ అడిగింది. 'దగ్గరేనని నువ్వే కదమ్మా మా గుమ్మంలో నిలబడి చెప్పావు' అంది. కోప్పడలేదు, ఊరికే అడిగింది. తప్పు మాదేనమ్మా, మా పార్టీదే అన్నాను. చుట్టూ జనం ఉన్నారు, విన్నారు. పేపరువాడెవడో కూడా విన్నాడు. ఇందులో భావోద్వేగం ఏ ముక్కలో ఉందో చూపించండి, అక్కడ లోనవుతాను."

అన్నయ్య ఫ్యాను రెక్కని చేత్తో తిప్పుతూ కూర్చున్నాడు.

ఆ తర్వాత జరిగింది అందరికీ తెలిసిందే. మునిసిపాలిటీ ఎన్నికల్లో ఓడిపోయాం. మా వాడల్లోనే ఓడిపోయాం. ఓటమికి కారణం కావాలి కదా, మా వదిన దొరికింది. ప్రసూతి వార్డుని వాడలోంచి తీసేసి గేటు అవతల పెద్దాసుపత్రిలో కలపొద్దని కమిటీలో మొత్తుకున్న ఒక్క మనిషీ ఆవిడే. నిర్ణయమైపోయాక నర్సు బట్టల్లో ఇంటింటికీ తిరిగి, మంచే జరుగుతుందని చెప్పిందీ ఆవిడే. ఇప్పుడు ఓడగొట్టిందీ ఆవిడేనట.

"చూడు," అన్నాడు అన్నయ్య. "నేను పెట్టకపోతే అయినవాళ్ళలోనే వేరేవాళ్ళు పెట్టేవాళ్ళు. పెట్టి బహిష్కరణ అనేవాళ్ళు. నేను హెచ్చరికతో సరిపెట్టించాను. సాయంత్రం నువ్వు ఈ నాలుగు ముక్కలూ అంటావు. సరిపోయిందా కామ్రేడ్ అని పెద్దాయన నన్నడుగుతాడు. ప్రతిపాదించినవాణ్ణి కాబట్టి నన్నే అడగాలి. సరిపోయింది అంటాను. అయిపోతుంది. ఇంటికొచ్చేస్తాం."

"సరిపోలేదంటే?" అన్నాను నేను.

"అంటే అక్కడికక్కడే బహిష్కరణ. కానీ నేనెందుకంటానే? పిచ్చిదానా!"

"ఆ తర్వాత రెండో ప్రశ్న ఉందిగా," అంది వదిన.

"అది మామూలుదే."

ఆ రెండో ప్రశ్న నాకూ తెలుసు. సమావేశం ముగించేముందు అధ్యక్షస్థానంలో ఉన్నవాళ్ళు, "ఇంకెవరైనా ఆత్మవిమర్శ చేసుకునేవాళ్ళున్నారా?" అని అడగాలి. వెనక బెంచీ మీద కూర్చునే ఇన్నేళ్ళలో దానికి ఎవరూ జవాబు చెప్పగా నేను చూడలేదు. ప్రశ్న పూర్తవకముందే కుర్చీలు జరిపే చప్పుడు మొదలవుతుంది. చెప్పులు వెతుక్కుంటారు.

"నన్నొక్క మాట అడిగారా?" అంది వదిన. "పెట్టేముందు?"

"అడిగితే వద్దంటావని."

"అంటాననే అడగలేదన్నమాట."

"నిన్ను పోగొట్టుకోవడం ఇష్టంలేక చేశాను!" అన్నయ్య గొంతు పెరిగింది. "బహిష్కరణ అంటే ఏమిటో తెలుసుగా? మన గడప ఒక్కడు తొక్కడు. వీధిలో ఎదురొస్తే తల తిప్పుకుంటారు. నేను పార్టీలో ఉండాలంటే ఈ ఇంట్లో ఉండకూడదు, ఇంట్లో ఉండాలంటే పార్టీలో ఉండకూడదు. ఏది వదులుకోమంటావ్?"

 వదిన గూట్లోంచి టీ గ్లాసు తీసుకుంది. చల్లారిన టీ తనే తాగేసింది, నిలబడే, గటగటా.

"నాకూ పార్టీ కావాలండీ..." అని ఆగింది. 'అండీ' నోరు జారింది. అన్నయ్య తలెత్తాడు. వదిన సర్దుకుంది. "నాకూ పార్టీ కావాలి కామ్రేడ్. అక్కర్లేకపోతే ఇంత గొడవెందుకు? ఎప్పుడో తలుపేసుకుని పడుకునేదాన్ని. మా నాన్న పోయాక ఆ ఆఫీసు గదిలోనే పెరిగాను. బెంచీలు కలిపి పడుకోబెట్టేవాళ్ళు నన్ను. అందుకే ఒప్పుకున్నాను, ఈ పాఠం ఒప్పజెబుతానని. కానీ ఆ మాట నోట్లోంచి రావట్లేదు. ఏం చెయ్యను?"

ఇద్దరికీ ఓపిక లేదు. ఇంక దెబ్బలాడుకోవడానికి కూడా లేదు. నాకు ఏడుపొచ్చింది. ఏడిస్తే జెండా మీద పడుతుందని ముక్కు ఎగబీల్చుకుని మిషను తొక్కాను.

అప్పుడే తలుపు చప్పుడైంది.

వచ్చింది పోస్టమ్మ. మా వీధులకి ఉత్తరాలు పంచుతుంది, కమిటీ మెంబరు కూడా. మనిషి దిట్టంగా ఉంటుంది, గొంతు అంతకంటే దిట్టం. భుజాన సంచీ తీసి నా మిషను మీద పడేసింది.

"పట్టీ తెగింది సూదీ, ఒక కుట్టు వెయ్యి."

తిప్పి చూశాను. "తెగలేదే?"

"తెగబోతోంది," అంది, వదిన వంక చూస్తూ. విమర్శలో ఉన్నవాళ్ళింటికి కమిటీవాళ్ళు రాకూడదు. సంచీకి ఆ నిషేధం లేదు కాబోలు. "ఎలా ఉన్నావమ్మాయ్?"

"ఉన్నాను. టీ తాగుతావా?"

"వద్దు, కుట్టు పడగానే వెళ్ళిపోతా." కూర్చుంది. కూర్చున్నదల్లా అన్నయ్య ఫ్యానుని, అన్నయ్యని మార్చి మార్చి చూసింది. "ఏమయ్యా మెకానిక్కూ, ఒకటడుగుతాను, కోపం తెచ్చుకోకు. మొన్న అంత తొందరపడి లేచావేం?"

"లేవక?"

"ఒక్క నిముషం ఆగాల్సింది. మేం ముగ్గురం మాట్లాడదామనే వచ్చాం. నేనూ, ప్రెస్సు ముసలాయనా, స్కూలు గుమాస్తా. గేటు దగ్గర అమ్మాయి అన్నదాంట్లో అబద్ధమేముందో చెప్పండని అడుగుదామని. ముసలాయన కళ్ళద్దాలు కూడా తుడుచుకుని సిద్ధంగా కూర్చున్నాడు. ఈలోగా నువ్వు లేచి తీర్మానం చదివేశావు."

అన్నయ్య చేతిలో రెక్క ఆగిపోయింది.

"ఇంటాయనే అన్నాక మేమెవరమయ్యా అడ్డం చెప్పడానికి?" అంది పోస్టమ్మ. "మాకు తెలీనిదేదో లోపల ఉందనుకున్నాం. ముసలాయన అద్దాలు తీసి జేబులో పెట్టేసుకున్నాడు. నేను చెయ్యెత్తాను. ఈ చెయ్యే. ఆ రోజు నుంచీ అన్నం సయించట్లేదు."

"నేను లేవకపోతే బహిష్కరణ పెడతారని..." అన్నయ్య మాట తడబడింది. "వేరేవాళ్ళు సిద్ధంగా ఉన్నారని..."

"ఎవరన్నారు?"

"పెద్దాయన."

"మాకు పెద్దాయన వేరేలా చెప్పాడే! వాళ్ళాయనే పెడతానంటున్నాడు, మీరేం మనసులో పెట్టుకోకండి అన్నాడు."

 నేను తెగని పట్టీకి కుట్టు వేస్తూనే ఉన్నాను. వేసినచోటే మళ్ళీ వేశాను.

వదిన గుమ్మానికి ఆనుకుని నిలబడింది. అన్నయ్య వంక చూస్తోంది. కోపం కాదది. పురిటి నొప్పులు మొదలైన కొత్త అమ్మాయి వంక డ్యూటీలో ఎలా చూస్తుందో అలా చూస్తోంది. జాలి, విసుగు, ఇంకా చాలాసేపు పడుతుందిలే అన్న లెక్క.

పోస్టమ్మ సంచీ భుజాన వేసుకుంది. గుమ్మం దాటబోతూ వదిన చెయ్యి పట్టుకుని ఒకసారి నొక్కి వెళ్ళిపోయింది.

అన్నయ్య ఫ్యాను బిగించడం మొదలుపెట్టాడు. గబగబా బిగించాడు. స్విచ్చి వేస్తే తిరిగింది గానీ, టకటకమని కొట్టుకుంటోంది.

"కామ్రేడ్," అంది వదిన. "స్క్రూ ఒకటి మిగిలిపోయింది."

పేపరు మీద మిగిలిన ఆ స్క్రూని అన్నయ్య తీసి జేబులో వేసుకున్నాడు. ఫ్యాను ఆపలేదు. భోజనాల దగ్గర ముగ్గురం ఆ టకటక వింటూనే తిన్నాం. మజ్జిగ కావాలా అని ఎవరూ ఎవర్నీ అడగలేదు. ఎవరికి కావలసింది వాళ్ళే వడ్డించుకున్నారు.

బయల్దేరేటప్పుడు మాత్రం అన్నయ్య అన్నాడు, చెప్పులు తొడుక్కుంటూ, నేల వంక చూస్తూ: "ఆ నాలుగు ముక్కలు అనెయ్యి. నీకు దణ్ణం పెడతాను. నేను చేసిన తప్పు నేను తర్వాత చూసుకుంటాను. ముందు నువ్వు పార్టీలో మిగులు."

వదిన తలూపిందో, జడ సర్దుకుందో నాకు తెలీలేదు.

పార్టీ హాలు మా వీధి చివర, మేడ మీద. మెట్ల గోడకి ఎన్నికల పోస్టరు ఇంకా అంటుకునే ఉంది. 'మీ వాడకు దగ్గరగా పెద్ద వైద్యం' అని. వర్షానికి సగం ఊడింది. పీకేద్దామని ఎవరికీ తోచలేదు, ఎవరికీ ఓపిక లేదు. నేను కుట్టిన జెండాలు కిటికీలకి కట్టారు. ఓడిపోయినవాళ్ళకి కొత్త జెండాలెందుకో నన్నడక్కండి. ఏడ్చే కార్యక్రమానికి కూడా అలంకరణ ఉండాలట.

పెద్దాయన మెట్ల దగ్గరే ఎదురొచ్చాడు. ఆయాసం మనిషి, మాట మాటకీ ఆగుతాడు. వదిన తల మీద చెయ్యి వేశాడు.

"తిన్నావా అమ్మా?"

"తిన్నాను బాబాయ్."

"తొందరగా కానిచ్చేద్దాం. అందరం అలిసిపోయాం. నేను మరీ అలిసిపోయాను." ఆగి ఊపిరి తీసుకున్నాడు. "ఇందులో నీ మీద నాకేం లేదు. నీకు తెలుసుగా? రేపు జనంలోకి వెళ్ళాలి మళ్ళీ. పార్టీ తప్పు చేసిందంటే జనం నమ్మరమ్మా. ఒక మనిషి తప్పు చేసిందంటే క్షమిస్తారు."

ఒట్టేసి చెబుతున్నాను, ఆయన మొహంలో కపటం కనబడలేదు నాకు. కనబడితే తిట్టుకుని ఊరుకునేదాన్ని. నిజంగానే ఆ మాట నమ్మి, ఇన్నాళ్ళూ ఆ నమ్మకంతోనే పార్టీని మోసుకొచ్చిన మనిషి ఆయన. దానికే నాకు ఎక్కువ భయమేసింది.

హాల్లో అందరూ వచ్చారు. ముందు వరసలో అన్నయ్య. ఆ వెనక పోస్టమ్మ, ప్రెస్సు ముసలాయన, గుమాస్తా. నేను వెనక బెంచీ మీద, గోడకి ఆనుకుని. పెద్దాయన లేచి నాలుగు మాటలు మాట్లాడాడు. ఓటమి గురించి, క్రమశిక్షణ గురించి. ఎవరో ఆవలించారు. తర్వాత వదినని పిలిచాడు.

వదిన తెల్ల బట్టల్లో ఉంది. రాత్రి డ్యూటీ ఉందని అలాగే వచ్చేసింది. ముందుకొచ్చి నిలబడి, కాసేపు కిటికీల జెండాల వంక చూసింది.

"ఆసుపత్రి తరలింపు విషయంలో..." అంది.

అన్నయ్య పెదాలు కదులుతున్నాయి, ఆవిడతో పాటు. వెనక నుంచి కూడా నాకు దవడ కదలడం తెలుస్తోంది.

"ఆసుపత్రి తరలింపు విషయంలో నేను చేసిన తప్పు చెబుతాను," అంది వదిన. అన్నయ్య దవడ ఆగిపోయింది. "మార్చొద్దని నేను కమిటీలో అన్నాను. నా మాట ఓడిపోయింది. సరే. పార్టీలో ఉన్నాక ఓడిపోవడం కూడా తెలియాలి. తర్వాత నన్ను ఇంటింటికీ వెళ్ళి దగ్గరేనని చెప్పమన్నారు. దగ్గర కాదని నాకు తెలుసు. రోజూ ఆ గేటు దగ్గర నిలబడి డ్యూటీకి వెళ్ళేదాన్ని, నాకు తెలియదా? అయినా వెళ్ళాను. నవ్వుతూ చెప్పాను. వాళ్ళు నమ్మింది పార్టీని కాదు, ఈ బట్టల్ని. నర్సమ్మ చెప్పింది కదా అని నమ్మారు."

 పెద్దాయన బల్ల మీద రెండు చేతులూ పెట్టుకుని వింటున్నాడు.

"గేటు దగ్గర నిజం చెప్పడం నా తప్పు కాదు. అంతకుముందు ఆ గుమ్మాల్లో చెప్పకపోవడం నా తప్పు. క్రమశిక్షణ అనుకున్నాను. భయం అది. నన్ను ఇక్కణ్ణుంచి పంపించేస్తారేమోనని భయం. ఇప్పుడు కూడా ఉంది."  ఆగి మళ్ళీ అంది. "బయట చెప్పావు, ఇక్కడ ముందు చెప్పలేదేం అన్నారు. ఇక్కడ చెప్పాను. ఇక్కడే ఉండిపోయింది. నాకు ఈ పార్టీ కావాలి. పంపించేస్తే ఆ మెట్ల కింద నిలబడతాను గానీ ఇంకో పార్టీ మెట్లెక్కను. అంతే. ఇదే నా ఆత్మవిమర్శ."

వెళ్ళి కూర్చోలేదు. కూర్చోకూడదు, జవాబు వచ్చేదాకా అక్కడే నిలబడాలి.

  పెద్దాయన అన్నయ్య వైపు తిరిగాడు.

"ప్రతిపాదించిన కామ్రేడ్ చెప్పాలి. సరిపోయిందా?"

అన్నయ్య లేచాడు. జేబులో చెయ్యి పెట్టుకుని ఉన్నాడు. ఆ స్క్రూని తిప్పుకుంటున్నాడని నాకు తెలుసు. సరిపోయిందను, అన్నయ్యా, అనేసి కూర్చో అని నేను లోపల్లోపలే మొత్తుకుంటున్నాను. వదిన పాఠం తప్పింది, ఇప్పుడు సరిపోయిందంటే పెద్దాయన్ని కాదన్నట్టే, అది అన్నయ్యకి అలవాటు లేదు. ఇవాళొక్కసారి కాదంటే చాలు. ఒక్క మాట.

"సరిపోలేదు," అన్నాడు అన్నయ్య.

 పోస్టమ్మ రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. వదిన మాత్రం కదల్లేదు.

"ఆమె ఒక్కతి చెబితే సరిపోలేదు," అన్నాడు అన్నయ్య. మాటలు వెతుక్కుంటున్నాడు. మైకు ముందు మాట్లాడే మనిషి కాదు, బస్సు కింద దూరి పని చేసుకునే మనిషి. "ఆమె కంటే ముందు చెప్పాల్సినవాళ్ళున్నారు. నేనున్నాను. మీరా రెండో ప్రశ్న అడగండి. ఇంకెవరైనా ఉన్నారా అని అడగండి, చెబుతాను."

పెద్దాయన అన్నయ్యనే చూస్తున్నాడు. ఆ మొహం ఒక్కసారిగా ఇంకా ముసలిదైపోయింది. మెల్లగా పక్కకి తిరిగి, వివరాలు రాసుకుంటున్న గుమాస్తాతో అన్నాడు:

"సరిపోలేదన్నారు. రాసుకోండి. సదరు కామ్రేడ్ ఇవాళ్టి నుంచి..."

"నా మాట పూర్తి కాలేదు!" అన్నాడు అన్నయ్య.

"మీరు చెప్పాల్సింది ఒక్క మాటే కామ్రేడ్. చెప్పారు. సమావేశం ముగిసింది."

రెండో ప్రశ్న అడగలేదు. పార్టీ పుట్టిన దగ్గర్నుంచీ అడుగుతున్న ప్రశ్న, ఎవరూ జవాబు చెప్పరని తెలిసీ అడిగే ప్రశ్న, ఇవాళ అడగలేదు.

మొన్న ఆమెని కాపాడబోయి ఆమె తరఫు నోళ్ళన్నీ మూయించాడు. ఇవాళ ఆమె పక్కన నిలబడబోయి ఆమెని బయటికి నెట్టేశాడు. ఆ సంగతి అన్నయ్యకి అప్పుడే తెలిసింది.  వెనక్కి తిరిగి కుర్చీ కోసం చేత్తో తడుముకున్నాడు.

నేను కుర్చీలు జరిపే చప్పుడు కోసం చూశాను. రాలేదు. ఎవరూ లేవలేదు, చెప్పులు వెతుక్కోలేదు. గుమాస్తా కలం పట్టుకుని ఉన్నాడు గానీ రాయట్లేదు. ప్రెస్సు ముసలాయన జేబులోంచి కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటున్నాడు.

వదిన నిలబడ్డచోటు నుంచి అన్నయ్యని చూసింది.

"ఏమండీ," అంది, హాలంతా వినబడేలా. "కూర్చోకండి."